పాట ఎటు పోతోందో చూడు

కార్వేటినగరం,
ఆదివారం

అమ్మణ్ణీ,

నీ వాట్సాప్ చూశాను. రెండు ముక్కల్లో జవాబు పెట్టమన్నావు. ఇది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే కాగితం పట్టుకున్నా. కాలేజీ లేని పూట ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకుని నింపాదిగా చదువు.

నువ్వు చెప్పింది నాకు అర్థమైన మేరకు ఇదీ. స్నేహితురాలి ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐ వైరు తగిలించి నాట్యం వీడియోలు చూశారు. పాట టీవీలోంచి వచ్చింది. వైరు పీకి హాస్టలుకు తెచ్చుకున్నాక బ్రౌజర్లో పాటలు మామూలుగానే మోగుతున్నాయి. కానీ సాధన కోసం దాచుకున్న మన పక్క వాగ్గేయకారుడు సారంగపాణి పదాలు వీఎల్‌సీలో పెడితే గీతలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. ఇంకొకటి, బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పెట్టుకుని నీ గొంతు రికార్డు చేస్తే పాతకాలం ట్రంకాల్ లాగా వస్తోంది. ఇదంతా చూసి మీ క్లాసులో ఎవరో, లైనక్స్ ఇంతేనమ్మా, తీసేసి విండోస్ ఎక్కించుకో అన్నారు.

తీసెయ్యొద్దు. చెడిపోయింది ఏదీ లేదు.

నేను రేడియో షాపు నడిపిన రోజుల్లో, సెట్టు చచ్చిపోయిందని చంకలో పెట్టుకుని తెచ్చేవాళ్ళు. అందులో కొన్నింటికి అసలు జబ్బే ఉండేది కాదు. వాల్వు రేడియోల్లో బ్యాండ్ స్విచ్చికి మీడియం వేవ్, షార్ట్ వేవ్‌తో పాటు గ్రామఫోన్ పికప్‌కని ఒక స్థానం ఉండేది. ఇంట్లో ఏ పిల్లోడో దాన్ని అటు తిప్పేసి ఆడుకోవడానికి పోయుంటాడు. కడప స్టేషను వస్తూనే ఉంటుంది, వాల్వులు వెలుగుతూనే ఉంటాయి, స్పీకరు మాత్రం ఇంట్లో లేని గ్రామఫోన్ కోసం కాచుకుని కూర్చునుంటుంది. నీ ల్యాప్‌టాప్‌లోనూ శబ్దం తయారవుతూనే ఉంది. వైరు లేని టీవీకి పోతోంది, అంతే.

ఎందుకు పోతోందో తెలియాలంటే లోపల ఎవరు ఏ పని చేస్తున్నారో కాస్త తెలియాలి. అడుగున ఉండేది ఆల్సా. యారోస్లావ్ కిసెలా అనే చెక్ దేశస్థుడు 1998లో మొదలుపెట్టింది. 2002లో కెర్నెల్లో చేరి, 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్‌తో పాత ఓఎస్ఎస్ అనే శబ్ద వ్యవస్థను పక్కకు నెట్టింది. సౌండ్ చిప్పుతో నేరుగా మాట్లాడేది ఇదే. కానీ నాలుగు ప్రోగ్రాములు ఒకేసారి పాడబోతే వాటిని కలిపి, ఒక్కోదాని వాల్యూమ్ విడివిడిగా చూసుకుని, ఇయర్‌ఫోన్ పెట్టగానే అటు మళ్ళించడానికి పైన ఇంకొకరు కావాలి. ఆ పనికి లెనార్ట్ పోటరింగ్ 2004లో పల్స్‌ఆడియో రాశాడు. 2007లో ఫెడోరా 8, మరుసటేడు ఉబుంటు 8.04 దాన్ని అందరి మిషన్లలోకి తెచ్చేశాయి. తెచ్చిన కొత్తలో దాన్ని తిట్టుకోని లైనక్సోడు లేడు. ఇప్పుడు ఆ చోట్లో పైప్‌వైర్ కూర్చుంది. రెడ్‌హ్యాట్‌లో పనిచేసే విమ్ టేమన్స్ మొదట వీడియో కోసం మొదలుపెట్టి, తర్వాత ఆడియోను కూడా నెత్తికెత్తుకున్నాడు. 2021లో ఫెడోరా 34, 2022లో ఉబుంటు 22.10, 2023లో డెబియన్ 12 గ్నోమ్ డెస్క్‌టాప్ దానికి మారాయి. మీ అన్న నీకు ఎక్కించిందీ డెబియన్ 12 గ్నోమే కాబట్టి నీ దగ్గరున్నది పైప్‌వైర్. అయితే అది మోసేది మాత్రమే. ఏ పాట ఏ దారిన పోవాలో తేల్చేది దాని పక్కనుండే వైర్‌ప్లంబర్.

నువ్వు డిఫాల్ట్ పెట్టడం ఎలా అని అడిగావు. అమరికల్లోకి పోయి, ధ్వని అనే చోట అవుట్‌పుట్ పరికరాల జాబితాలో స్పీకర్లు ఎంచుకుంటే డిఫాల్ట్ పెట్టినట్టే. ఆ పని నువ్వు చేసే ఉంటావు, బ్రౌజర్ అందుకే మోగుతోంది. వీఎల్‌సీ ఎందుకు వినలేదన్నదే నీ అసలు చిక్కు.

డిఫాల్ట్ అంటే అందరికీ పోయే హుకుం కాదమ్మా. నేను ఫలానా చోటికే పోతాను అని చెప్పని పాటలకు మాత్రం అది దారి చూపిస్తుంది. తన దారి తాను చెప్పుకున్న ప్రోగ్రాము జోలికి అది పోదు. ఆ రోజు టీవీ దగ్గర మీలో ఎవరో వీఎల్‌సీలో ఆడియో మెనూ తెరిచి, ఆడియో డివైస్ కింద టీవీని ఎంచి ఉంటారు. అది గుర్తుండిపోయింది. వైరు పీకాక కూడా ఆ దారి అక్కడే ఉంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో టీవీ లేకపోయినా హెచ్‌డీఎంఐ ఒకటి, రెండు, మూడు అని జాబితాలో అట్లే కూర్చునుంటాయి. దారి ఉంది కాబట్టి పాట అటే పోయింది, అవతల వినిపించేవాడు లేడు.

వీఎల్‌సీలో అదే మెనూకు పోయి స్పీకర్ల పేరు ఎంచుకో. దానికీ లొంగకపోతే పావుకంట్రోల్ అనే చిన్న ప్రోగ్రాము ఎక్కించుకో. నన్నడిగితే లైనక్స్ వాడే ప్రతివాళ్ళ దగ్గరా ఉండాల్సింది. అందులో మొదటి పేజీ ప్లేబ్యాక్. పాట నడుస్తుండగా తెరిస్తే వీఎల్‌సీకి ఒక వరుస, బ్రౌజర్‌కు ఒక వరుస కనిపిస్తాయి. ఒక్కో వరుస కుడివైపున అది ఎటు పోతోందో రాసుంటుంది. దాన్ని నొక్కి స్పీకర్లకు మార్చు, పాట ఆగకుండానే ఇటు వచ్చేస్తుంది. మళ్ళీ అదే పాట పెట్టినప్పుడు కూడా ఇటే వస్తుంది.

అదే ప్రోగ్రాములో చివరి పేజీ కాన్ఫిగరేషన్. కొంచెం పాత ల్యాప్‌టాప్‌లలో స్పీకరూ హెచ్‌డీఎంఐ రెండూ ఒకే సౌండ్ కార్డుకు ఉంటాయి, ఒకసారికి ఒకటే పనిచేస్తుంది. అక్కడ ప్రొఫైల్ హెచ్‌డీఎంఐ మీద ఉండిపోతే స్పీకర్లు జాబితాలోనే కనపడవు. స్పీకరే కనపడని మిషన్లో డిఫాల్ట్ కోసం ఎంత వెతికినా లాభం లేదు. అట్లాంటిది ఎదురైతే ప్రొఫైల్‌ను అనలాగ్ స్టీరియో డూప్లెక్స్‌కు మార్చాలి. నీది అట్లా కాదు, బ్రౌజర్ మోగుతోంది కదా. మీ అన్న పాత మిషనుకు పనికొస్తుందని రాశాను.

ఇదంతా మౌస్‌తోనే అయిపోతుంది. అయినా టెర్మినల్లో ఒకసారి చూడమంటాను, లోపల ఏమేమి ఉన్నాయో ఒక్క చూపులో తెలుస్తుంది. నేను తెలుగులో రాస్తున్నా, నువ్వు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టు. డబ్ల్యూ, పీ, సీ, టీ, ఎల్ అనే ఐదక్షరాలు, ఒక ఖాళీ, తర్వాత స్టేటస్ అనే మాట. ఎంటర్ కొడితే పెద్ద జాబితా పరుచుకుంటుంది. ఆడియో కింద సింక్స్ అన్నచోట శబ్దం బయటికి పోయే దారులు, సోర్సెస్ అన్నచోట లోపలికి వచ్చే మైకులు ఉంటాయి. ఒక్కోదాని ముందు ఒక అంకె. ఏ అంకె పక్కన నక్షత్రం గుర్తు ఉందో అదే ఇప్పటి డిఫాల్ట్. మార్చాలంటే మళ్ళీ ఆ ఐదక్షరాలే కొట్టి, సెట్ అడ్డగీత డిఫాల్ట్ అని కలిపి రాసి, ఖాళీ వదిలి నీకు కావాల్సిన దారి అంకె కొట్టు. మళ్ళీ స్టేటస్ చూస్తే నక్షత్రం అక్కడికి జరిగి ఉంటుంది.

ఆ అంకెను మాత్రం నోటుపుస్తకంలో రాసి పెట్టుకోవద్దు. ఈ పూట 47 అని చూపించిన స్పీకరు రేపు మిషను తెరిచేసరికి 52 కావచ్చు. ఏ పరికరం ముందు లేస్తే దానికి ఆ అంకె. పాత ఆల్సా కాలంలోనూ ఇదే గోల ఉండేది. కార్డు సున్నా, కార్డు ఒకటి అని అంకెలతో రాసుకున్నోళ్ళకు ఒకరోజు హెచ్‌డీఎంఐ ముందు లేచి సున్నా అయిపోయేది, స్పీకరు మూగబోయేది. హోమ్ ఫోల్డర్లో చుక్కతో మొదలయ్యే అసౌండ్‌ఆర్‌సీ అనే ఫైలు రాయమని ఎవరైనా చెప్తే అది ఆ కాలం మందు, నువ్వు వాడొద్దు. పైప్‌వైర్‌కు తెలియకుండా కొన్ని ప్రోగ్రాములు నేరుగా కార్డుకు పోతాయి, మళ్ళీ కొత్త తలనొప్పి. వైర్‌ప్లంబర్ నువ్వు ఎంచినదాన్ని పొడుగాటి పేరుతో దాచుకుంటుంది, అంకెతో కాదు. అందుకే మిషను ఆపి తెరిచినా నీ ఎంపిక పోదు. పరికరం పీకేస్తే తాత్కాలికంగా ఇంకోదానికి మళ్ళుతుంది, అది తిరిగొచ్చిన రోజు మళ్ళీ దానికే పోతుంది. స్టేటస్ జాబితా అడుగున ఆ పొడుగాటి పేరే కనిపిస్తుంది, చూడు.

ఇంక ఇయర్‌ఫోన్ సంగతి. బయటికి పోయే డిఫాల్ట్ వేరు, లోపలికి వచ్చే డిఫాల్ట్ వేరు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పాట వినిపించేటప్పుడు ఏ2డీపీ అనే పద్ధతిలో నడుస్తుంది. మంచి శబ్దం, కానీ ఒకవైపు దారి. దాని మైకు కూడా కావాలని ఏ రికార్డరైనా అడిగిందంటే ఇయర్‌ఫోన్ టెలిఫోన్ పద్ధతికి దిగిపోతుంది. అప్పుడు వినేదీ పాడేదీ రెండూ సన్నబడతాయి. ఆ పద్ధతిలో పాత రకం సెకనుకు 8000 నమూనాలే తీస్తుంది, కొంచెం మెరుగైనది 16000. ఎనిమిది వేలు తీస్తే 4000 హెర్ట్జ్‌కు పైనున్నదేదీ మిగలదు. శ్రుతి నిలుస్తుంది, రాగం గుర్తుపట్టొచ్చు. కానీ తాళాల మోత మొద్దుబారుతుంది, సకారానికీ శకారానికీ తేడా పోతుంది. పదాలు పాడేవాళ్ళకు ఇది చిన్న నష్టం కాదు. సారంగపాణి రాసింది మన పక్క జనం నోట్లో నలిగిన మాటలతో, ఎత్తిపొడుపూ వెటకారమూ అంతా ఆ మాట విరుపులోనే ఉంటుంది. అది వినపడకుండా గమకం ఒకటే సరిచూసుకుంటే ఏం లాభం?

కాబట్టి ఇయర్‌ఫోన్‌ను వినడానికే ఉంచుకో. ధ్వని అమరికల్లో ఇన్‌పుట్ అన్నచోట ల్యాప్‌టాప్ సొంత మైకును ఎంచుకో. అప్పుడు ఇయర్‌ఫోన్ దిగజారదు. ఆడాసిటీలో రికార్డు చేస్తున్నావంటే ఆ ప్రోగ్రాముకు సొంత పరికరాల జాబితా ఒకటుంది, అక్కడ కూడా డిఫాల్ట్ అనే మాటే ఎంచుకో, కార్డుల పేర్లు ఎంచుకోవద్దు. పాడుతూ నీ గొంతు నువ్వే చెవిలో వినాలంటే మాత్రం బ్లూటూత్ పనికిరాదు, అది సెకనులో ఐదో వంతు దాకా వెనకబడుతుంది. పిన్ను ఉన్న వైరు ఇయర్‌ఫోన్ కొనుక్కో. పాట పెట్టుకుని ఆడటానికైతే ఆ ఆలస్యం లెక్కలోకి రాదు, మొత్తం పాటే ఆలస్యమవుతుంది కదా. కొందరు దీనికి కూడా భయపడి ఖరీదైనవి కొంటున్నారు, ఎందుకో నాకర్థం కాదు.

ఎప్పుడైనా అన్నీ సరిగ్గా ఉండి కూడా చప్పుడు రాకపోతే ఆల్సామిక్సర్ తెరిచి చూడు. ఏ నిలువు గీత కింద ఎంఎం అని రెండక్షరాలు కనిపిస్తే అది నోరు మూసుకుని ఉందని లెక్క. దాని మీదికి పోయి ఎం మీట నొక్కితే సున్నాలు వస్తాయి, నోరు తెరుచుకుంటుంది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. మే నెలలో మన వేణుగోపాలస్వామి బ్రహ్మోత్సవాలప్పుడు నీకు ఆడే అవకాశం వస్తుందన్నావు. మీ అవ్వ అప్పుడే చుట్టాలకు చెప్పేసింది. వేణుగోపాలుడి ముద్ర వేసి సారంగపాణి రాసిన పదాలను ఆయన ఊళ్ళోనే, ఆయన గుడి ముందరే ఆడటం ఏ పిల్లకైనా గొప్ప సంగతే. పదవర్ణాల గోవిందసామయ్యదీ ఈ కార్వేటినగరమే. పక్కన నట్టువాంగం, గాత్రం, మృదంగం కూర్చుంటే అంతకంటే ఏముంది. కుదరదు, అంతమందిని పిలిపించాలంటే ఖర్చు. రికార్డు పాటకే ఆడాల్సి వస్తే దాన్ని నీ ల్యాప్‌టాప్ నుంచే పెడతావు.

అక్కడ నువ్వు నీ గదిలో చేసేదానికి తలకిందులు చెయ్యాలి. వేదిక మీద ఆంప్లిఫయర్‌ను డిఫాల్ట్ చెయ్యకూడదు. అందరూ చేసేది అదే. పిన్ను పెట్టి, అదే డిఫాల్ట్ అని వదిలేస్తారు. నేను మైకు సెట్టు వేసిన సభల్లోనే చూశాను. అమ్మాయి అభినయంలో ఉంటుంది, హారన్లలోంచి ఒక్కసారి టింగుమని మెసేజీ చప్పుడు ఊరంతా వినపడుతుంది. ఇంకోచోట బ్యాటరీ తగ్గిందన్న హెచ్చరిక. ఇందాక చెప్పాను కదా, తన దారి చెప్పని ప్రతి చప్పుడూ డిఫాల్ట్‌కే పోతుందని. మరి దాన్ని తీసుకుపోయి జనం నెత్తి మీద పెడతామా?

దీనికి చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు చాలు, పెద్ద ఖరీదు కాదు, తిరుపతిలో దొరుకుతుంది. ల్యాప్‌టాప్ పిన్ను, లోపలి స్పీకరు ఒకే దారిలో రెండు కొసలు కాబట్టి వాటిని విడదీయలేవు. యూఎస్‌బీ కార్డు పెడితే జాబితాలో రెండో దారి పుడుతుంది. డిఫాల్ట్‌ను ల్యాప్‌టాప్ స్పీకర్ల మీదే ఉంచి దాని వాల్యూమ్ పూర్తిగా మూసెయ్. వీఎల్‌సీలో పాట మొదలుపెట్టి, పావుకంట్రోల్ ప్లేబ్యాక్ పేజీలో ఆ ఒక్క వరుసను యూఎస్‌బీ కార్డుకు మార్చు. ఆ కార్డు నుంచి ఆంప్లిఫయర్‌కు వైరు. ఇంక ఏ ప్రోగ్రాము ఏమని అరిచినా ఆ అరుపు మూసిన స్పీకర్లలోనే చస్తుంది. ఒకటి గమనించు, కొత్త కార్డు పెట్టగానే అదే తనంతట తాను డిఫాల్ట్ అయిపోయిందేమో స్టేటస్‌లో నక్షత్రం ఎక్కడుందో చూసి సరిచెయ్యి.

ఇంకో చిన్న కిటుకు. శబ్దం లేకుండా కొన్ని సెకన్లు గడిస్తే వైర్‌ప్లంబర్ కరెంటు మిగల్చడానికి కార్డును నిద్రపుచ్చుతుంది. పాట మొదలవగానే అది లేచేలోపు మొదటి దెబ్బ మింగేయొచ్చు, లేదా టప్పుమని చప్పుడు రావచ్చు. నువ్వు మొదటి అడుగు వేసేది ఆ దెబ్బ మీదే. అందుకని ఆడాసిటీలో పాట ముందు రెండు మూడు సెకన్ల నిశ్శబ్దం అతికించుకో. ఆ నిశ్శబ్దం నడిచేటప్పుడే కార్డు లేచి కూర్చుంటుంది. ఛార్జరు పెట్టి ఉంచితే హారన్లలో గుయ్యిమని హమ్ వస్తుందేమో చూడు, వస్తే పాట అయ్యేదాకా ఛార్జరు పీకేయ్. స్క్రీను ఆరిపోయి మిషను నిద్రపోకుండా పవర్ అమరికలు ముందే మార్చుకో. మైకు సెట్టు అబ్బాయి ఒక ఛానెల్‌కే వైరు పెడతానంటే ఒప్పుకోవద్దు. పాత స్టీరియో రికార్డింగుల్లో మృదంగం ఒకపక్కకు, గాత్రం ఇంకోపక్కకు ఎక్కువగా పడి ఉంటాయి, ఒక్క పక్కే తీసుకుంటే సగం పోతుంది. రెండూ కలిపే వైరు నా దగ్గర ఉంది.

లైనక్స్ తీసెయ్యమన్న ఆ పిల్లతో గొడవపెట్టుకోవద్దు. విండోస్‌లోనూ హెచ్‌డీఎంఐ పెడితే శబ్దం టీవీకి పోతుంది, ఇంటింటా జరిగేదే. పల్లిపట్టు పక్క మన చుట్టాల పిల్లలకు తమిళనాడు సర్కారు 2011 నుంచి ఉచితంగా పంచిన ల్యాప్‌టాప్‌లలో విండోస్ పక్కనే సీడాక్ వాళ్ళ బాస్ లైనక్స్ కూడా ఉండేది. అదీ డెబియన్ మీద కట్టిందే, తెలుగూ వస్తుంది. మన వాళ్ళలో దాన్ని తెరిచి చూసినోళ్ళు తక్కువ. నువ్వు తెరిచావు, నాకది బాగుంది. ఇక్కడ పాట ఎటు పోతోందని అడిగితే వరుస వరుసగా చూపిస్తుంది, అది చాలు నాలాంటి మెకానిక్కుకు.

ముందు వీఎల్‌సీ సంగతి చూసి, మోగిందో లేదో మెసేజీ పెట్టు. మోగకపోతే స్టేటస్ జాబితా మొత్తం ఫోటో తీసి పంపు, సగం కాదు. యూఎస్‌బీ కార్డు కొనేటప్పుడు ఒకటి కాదు, రెండు కొను. ఉత్సవాలకు వారం ముందే వస్తే ఇంట్లో ఉన్న నా పాత ఆంప్లిఫయర్‌కు తగిలించి మొత్తం పాట ఒకసారి నడిపిద్దాం. పుత్తూరులో బస్సు మారేటప్పుడు ఫోన్ చెయ్యి, స్టాండు దగ్గరికి వస్తాను.

ఇట్లు,
మీ తాత